చేతులు మారిన గుండెపట్టీ

ఉప్పలమ్మ నోటికి ఎర్రకుంట ఊరంతా జడుస్తుంది. సర్పంచు జడుస్తాడు, రేషన్ డీలరు జడుస్తాడు, ఇక కట్టుకున్న పెంటయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. నాట్ల కాలం వచ్చిందంటే ఆమె వెనక ఆడకూలీల గుంపు కదులుతుంది. పాలకుర్తి చుట్టుపక్కల ఆ గుంపు నాటేసిన మడి చూసి పక్క రైతు కుళ్లుకోవాల్సిందే. అలాంటి మనిషి ఇంటి ముందు పొద్దున్నే జీపు ఆగింది. అందులోంచి దిగిన శైలజ, "పెద్దమ్మా, జల్ది తయారుగా, దవాఖానకు పోవాలె. నీ గుండె ఆగి ఆగి కొట్టుకుంటున్నదట" అంది. ఉప్పలమ్మకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది.

"పొద్దుగాల పొద్దుగాల గవేం మాటలే? ఎవలు చెప్పిన్రు నీకు?"

"పట్టీ చెప్పింది పెద్దమ్మా."

ఆ పట్టీ సంగతి ఇది. ఐరోపాలో ఎక్కడో ఒక చలిదేశపు యూనివర్సిటీ వాళ్లకు, ఎండలో పనిచేసే ఆడకూలీల గుండె ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది. వాళ్ల దగ్గర చదువుంది, సామానుంది, ఎండే లేదు. ఎండకు కరువు లేని చోటు వెతుక్కుంటూ మన దిక్కు వచ్చారు. జనగామ పిల్ల శైలజను పనిలో పెట్టుకున్నారు. ఆమె ఊరూరా తిరిగి కొందరు ఆడవాళ్ల చేతులకు నల్లటి రబ్బరు పట్టీలు కట్టింది. అది చూడటానికి గడియారంలా ఉంటుంది గానీ టైము చెప్పదు. గుండె ఎలా కొట్టుకుంటుందో రాత్రింబవళ్లు లోపల రాసుకుంటుంది. శైలజ అప్పుడప్పుడూ వచ్చి ఫోను దగ్గర పెడితే ఆ రాతంతా సముద్రాలు దాటి పోతుంది. ఎర్రకుంటలో ఆ పట్టీ కట్టించుకున్నది ఉప్పలమ్మ.

శైలజ వెనకాల జీపులోంచి ఒక తెల్లామె దిగింది. మన గుమ్మాలు ఆమె కోసం కట్టినవి కావు, వంగి వంగి లోపలికి రావాల్సి వచ్చింది. పేరు హన్నా. గుండె డాక్టరు, ఈ పరిశోధనకు పెద్ద. ఊళ్లో వాళ్లు అప్పటికే హన్నమ్మను చేసేశారు. ఆమెకు వచ్చిన తెలుగు రెండే ముక్కలు: ఒకటి "మంచిది", రెండు "నీళ్లు తాగండి". ఎండ మీద పరిశోధన కదా, ఆ రెండోది పనికొస్తుందని నేర్చుకుంది.

హన్నా సంచిలోంచి చిన్న మిషను తీసి, ఉప్పలమ్మను మంచం మీద పడుకోబెట్టి, తీగలు అంటించి, చాలాసేపు చూసింది. మళ్లీ చూసింది. తీగలు పీకి మళ్లీ అంటించింది. చివరికి శైలజ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అంది.

"నీ గుండె ఎద్దు గుండె లెక్క ఉన్నదట పెద్దమ్మా" అంది శైలజ అయోమయంగా. "మరి పట్టీల గట్ల ఎందుకొచ్చిందో సమజయితలేదంటున్నది. పెద్దవాన పడ్డ వారం నీ గుండె నడుమ నడుమ ఆగిందట. గట్ల ఆగే గుండె ఎప్పుడన్న మొత్తానికే ఆగిపోవచ్చునట. గందుకే పరుగెత్తుకొచ్చిన్రు."

ఉప్పలమ్మ లేచి రవిక సవరించుకుంది.

"పెద్దవాన వారమా? గప్పుడు నా మోకాలు వాసి మంచాన పడ్డ గదనే. పట్టీ నా చేతికి లేదు."

"లేదా? తీయొద్దని చెప్పిన గద పెద్దమ్మా!"

"నేను తియ్యలే. పంపిన."

శైలజకు అర్థం కాలేదు. ఉప్పలమ్మ చిన్నపిల్లకు చెప్పినట్టు విడమరిచింది. "ఎండల పనిచేసేటోళ్ల గుండె గావాలెనన్నరు గద. నేను మంచం మీద పన్నంక నా గుండెతోని మీకేం పని? నా బదులు పనికి పోయినామె చేతికి కట్టిచ్చి పంపిన. పని యాడుంటె పట్టీ ఆడుండాలె. అంతేనా, కాదా?"

బదులు అంటే ఆ పల్లెల్లో పెద్ద ధర్మం. ఈ రోజు నువ్వు నా పొలంలో వంగితే, రేపు నేను నీ పొలంలో వంగాలి. అందులో డబ్బు మాట ఉండదు. మాట ఇచ్చాక రోగమొచ్చినా రొష్టొచ్చినా పని ఎగ్గొట్టడానికి లేదు, నీ తరఫున ఇంకొకరిని పంపాలి. వెళ్లినవాళ్లు నీ పేరు మీదే పనిచేస్తారు, నీ కొడవలే పట్టుకుపోతారు. ఉప్పలమ్మ లెక్కలో పట్టీ కూడా కొడవలి లాంటిదే. అలా అది ఎండాకాలం నుంచీ గుంపులో ఎవరు ఆమె బదులు వెళ్తే వాళ్ల చేతికెక్కి తిరుగుతోంది.

ఈ మాట శైలజ ఇంగ్లీషులో చెప్పేసరికి హన్నా తల పట్టుకుని మంచం మీద కూలబడింది. పాపం, వాళ్ల దేశంలో ఆ పట్టీ రాతలు చూసి, ఒకే ఆడమనిషి గుండె ఒక వారం పడుచుపిల్లలా, మరో వారం ముసలమ్మలా ఎలా కొట్టుకుంటుందా అని మీటింగుల మీద మీటింగులు పెట్టారట. శైలజకు తన ఉద్యోగం జీపెక్కి జనగామ వైపు పోతున్నట్టే కనిపించింది. అయితే హన్నా మంచి మనిషి. కాసేపటికి లేచి ముఖం తుడుచుకుని ఒకటే ప్రశ్న అడిగింది: మరి ఆగి ఆగి కొట్టుకున్న ఆ గుండె ఎవరిది?

అప్పుడు గానీ ఉప్పలమ్మకు సంగతి తలకెక్కలేదు. ఎవరో ఉన్నారు. తన పేరు మీద, తన పని చేస్తూ, సగం చచ్చిన గుండెతో బురదలో వంగిన ఆడమనిషి ఎవరో ఉన్నారు. ఆమెకు ఈ కబురే తెలియదు.

హన్నాకు ఇక ఎవరి జ్ఞాపకం మీదా నమ్మకం లేదు. పట్టీ కట్టుకున్న ప్రతి చేయీ రావాలంది. ఉప్పలమ్మ వాడలోకి వెళ్లి ఒక్క కేక వేస్తే గుంపంతా వచ్చింది. పట్టీ ఎన్నడూ కట్టుకోనివాళ్లు కూడా వచ్చారు. ఊరికే గుండె చూస్తామంటే ఎవరు కాదంటారు? ఒకామె తన గుండెతో పాటు నడుమునొప్పి కూడా చూడమంది. ఇంకొకామె, మిషనులో అత్త మీద కోపం కూడా కనిపిస్తుందేమోనని భయపడి మధ్యలోనే తీగలు పీక్కుంది. అందరి గుండెలూ భేషుగ్గా ఉన్నాయి. మిగిలింది ఒక్కతే.

"పెద్దవాన వారం పోయింది రుక్కి" అంది ఉప్పలమ్మ. "నర్సింహులపేట దిక్కు తండ ఆమె. మా ఆయన పోయి పిలుసుకొచ్చి, పట్టీ గూడ తనే కట్టి, పక్కూరి పొలానికి నా బదులు పంపిండు. ఏమయ్యా, నడువు, తోవ చూపియ్యి."

ఆ మాట వినగానే పెంటయ్యకు బర్రె గుర్తొచ్చింది. బర్రెను ఇప్పుడే మేపకపోతే పాలు తగ్గుతాయన్నాడు. తర్వాత కడుపులో నొప్పన్నాడు. ఉప్పలమ్మ రెక్క పట్టుకుని జీపులో కూర్చోబెట్టింది. దారి పొడుగునా అతను ప్రతి పెద్ద చెట్టు దగ్గరా జీపు ఆపించుకుని దిగాడు. చివరికి డ్రైవరుకే విసుగొచ్చి, ఈయన గుండె కూడా ఒకసారి చూడండి మేడం అన్నాడు.

తండాలో రుక్కి ఇంటి ముందు మిరప నారుకు నీళ్లు చల్లుతోంది. మొగుడు దేవ్‌సింగ్ మంచం వాల్చాడు. ఉప్పలమ్మ కూర్చోకుండానే రుక్కి చెయ్యి పట్టుకుని, "పానం ఎట్లున్నది చెల్లె? కండ్లు తిరుగుతున్నయా? నాటుకొచ్చినప్పుడు చెప్తే కాకపోవునా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

రుక్కి బిత్తరపోయింది. "ఏ నాటు అక్కా? నేను ఈసారి మీ దిక్కు అడుగే పెట్టలే. మా తండల పనే ఒడవలే."

జీపు వెనక నుంచి పెంటయ్య దగ్గాడు. ఉప్పలమ్మ అతని వైపు మెల్లగా తిరుగుతుండగా రుక్కి బుర్ర చురుగ్గా పనిచేసింది.

"ఆగక్కా. నా పేరు చెప్పుకొని ఎవలో పోయి నీ బదులు చేసిన్రు. అంటే ఆ కష్టం నా పేరు మీదనే ఉన్నట్టు గద. మిరపకాయ ఏరేటప్పుడు నువ్వు నాకు బదులు రావాలె."

"న్యాయమే" అన్నాడు దేవ్‌సింగ్ గంభీరంగా.

బదులు ధర్మం ప్రకారం ఉప్పలమ్మ ఆ మాటను ఎటు తిప్పి చూసినా తప్పని తేలడం లేదు. ఆ ఉడుకంతా మొగుడి మీదికి మళ్లించింది.

"చెప్తవా, చెప్పవా? ఎవలను పంపినవు?"

"రుక్కి దొరకలే" అన్నాడు పెంటయ్య నేల చూస్తూ. "నువ్వేమో మోకాలు పట్టుకొని ఒర్లుతున్నవు. పని ఎగ్గొడితే మాట పోతది, సంపుతనంటివి. నాటు దినాలు, ఊళ్లె ఖాళీగ ఉన్నది ఒక్క వదినెనే."

"ఏ వదినె?"

ఆ మాట అడగనక్కర్లేదు, పెంటయ్యకు ఉన్నది ఒక్కతే వదినె.

కొమురవ్వ. పెంటయ్య అన్న, చనిపోయిన లస్మయ్య భార్య. ఉప్పలమ్మకు తోటికోడలు, వాళ్ల భాషలో యారాలు. ఒకే గోడకు అటొకరు ఇటొకరు కాపురం. ఒకప్పుడు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారంటే నమ్మాలి. ఒకసారి మేడారం జాతరకు మొక్కు తీర్చడానికి ఉప్పలమ్మ తన ఎత్తు బెల్లం తూయించుకుంది. అప్పుడు కొమురవ్వ అంగడి నిండా వినిపించేలా, "కాలి బొటనవేలు నేలకు ఆనించి తూగుతున్నది సూడుండ్రి, అమ్మలకే తూకం కొడుతున్నది" అంది. నవ్వులాటకే అందో, నిజంగానే అందో మనకెందుకు గానీ, జనం నవ్వారు. నా నోట మళ్లీ నీతో మాట రాదని ఉప్పలమ్మ అక్కడే ఒట్టేసింది. వస్తే చూద్దామని కొమురవ్వ కూడా వేసింది. తర్వాత జాతరలు ఎన్నో వచ్చి పోయాయి. ఒట్లు మాత్రం చెక్కుచెదరలేదు.

అలాంటి కొమురవ్వ తన బదులు నాటేసింది! తన పేరు మీద, తన పట్టీ కట్టుకుని! ఉప్పలమ్మకు కాళ్ల నుంచి తలదాకా మంట లేచింది. శత్రువు కష్టం తిన్నట్టేనా? ఆమెకు తను బాకీ పడ్డట్టేనా? పెంటయ్యను తిట్టడం ఏ మాటతో మొదలుపెట్టాలా అని వెతుకుతుండగా రెండో సంగతి తట్టింది. ఆగి ఆగి కొట్టుకున్న గుండె కొమురవ్వది. నోట్లోకి వచ్చిన తిట్టు అక్కడే ఉండిపోయింది. ఉప్పలమ్మ వెళ్లి జీపులో కూర్చుంది. తిట్లు పడకపోయేసరికి పెంటయ్యకు భయం పట్టుకుంది.

కొమురవ్వ ఊళ్లో లేదు. నాట్లు అయ్యాక కూతురు పద్మలత దగ్గరికి భూపాలపల్లి వెళ్లింది. అల్లుడు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. పెంటయ్య ఫోను చేశాడు.

"అమ్మ మంచిగనే ఉన్నది చిన్నబాపూ" అంది పద్మలత. "జర కండ్లు తిరుగుతున్నయంటది. రెండుసార్లు కింద పడ్డది. వేడి చేసిందని సబ్జగింజల నీళ్లు తాగుతున్నది. ఇగో, ఇప్పుడు నల్ల కాడ లొల్లి పెట్టుకుంటున్నది."

లొల్లి పెట్టుకుంటోందంటే ఫరవాలేదన్నమాట అనుకుంది ఉప్పలమ్మ. అయినా భూపాలపల్లి తోవ పొడుగునా కిటికీలోంచే చూస్తూ ఉండిపోయింది. వరంగల్ దాటింది, బొగ్గు లారీలు ఎదురయ్యాయి.

క్వార్టర్ల సందులోకి జీపు తిరిగేసరికి పొద్దు వాలింది. లొల్లి ఇంకా సాగుతూనే ఉంది. వరసలో తన బిందె ముందు ఎవరో బకెట్ పెట్టారట. కొమురవ్వ కొంగు నడుముకు దోపి, ఆ బకెట్ ఆవిడ మూడు తరాలను వరసగా తిడుతోంది. ఆ గొంతు, ఆ తాళం, ఊపిరి తీసుకోకుండా తిట్టు మీద తిట్టు పేర్చే ఆ పనితనం ఉప్పలమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గోడ ఇవతల నిలబడి ఎన్నేళ్లు విన్నదో! విననట్టే విన్నది. తర్వాత ఏ తిట్టు వస్తుందో కూడా ఆమెకు తెలుసు.

ఆ తిట్టు రాలేదు. మాట మధ్యలో కొమురవ్వ ఆగింది. కుళాయి గొట్టం పట్టుకుంది. కళ్లు ఎటో పోయాయి. అవతలి ఆవిడ కూడా తిట్టడం ఆపి చూసింది. నాలుగు ఊపిరుల తర్వాత కొమురవ్వ తల విదిలించి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే అందుకుంది.

చూసినవాళ్లకు అది ఏమంత సంగతి కాదు. ఉప్పలమ్మ మాత్రం జీపు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. లొల్లి మధ్యలో కొమురవ్వ ఆగడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

హన్నా ఇంట్లోనే మిషను పెట్టి చూసింది. ఈసారి రెండోసారి చూడలేదు. ఇప్పుడే, ఈ క్షణమే హన్మకొండ పెద్ద దవాఖానకు పోవాలంది. కొమురవ్వ రానంది. పద్మలత ఏడ్చినా రానంది. ఇంతలో బకెట్ ఆవిడ నోరు తెరుచుకుని జీపునూ తెల్లామెనూ చూస్తూ వాకిట్లో నిలబడింది. అది కొమురవ్వ కంట పడింది. క్వార్టర్లన్నీ చూస్తుండగా దొరసాని పక్కన కూర్చుని జీపులో పోయే భాగ్యం ఎవరు వదులుకుంటారు? మంచి చీర కట్టుకుని వచ్చి, ఆ ఆవిడ ముందు నుంచే మెల్లగా నడిచి, జీపెక్కింది.

ఎక్కాక చూస్తే లోపల ఉప్పలమ్మ ఉంది.

దిగుదామంటే జీపు కదిలింది. ఒక కిటికీ దగ్గర ఉప్పలమ్మ, ఇంకో కిటికీ దగ్గర కొమురవ్వ, నడుమ హన్నా. ముందు శైలజ నిద్రకు తూగుతోంది. వెనక సీట్లో పెంటయ్య, పద్మలత ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పరకాల దాటాక ఉప్పలమ్మే మొదలుపెట్టింది, ఒట్టు తప్పకుండా.

"ఓ హన్నమ్మా, ఆమెను అడుగు. కండ్లు తిరుగుతున్నయని ఎర్కుండంగ బురదలకు ఎందుకు దిగిందో అడుగు."

"మంచిది" అంది హన్నా.

"హన్నమ్మా, ఆమెకు నువ్వే చెప్పు" అంది కొమురవ్వ కిటికీలోంచి చూస్తూ. "నేను ఆమె మొకం సూసి పోలే. మరిది వచ్చి వాకిట్ల మొకం యాలేసుకొని నిలవడ్డడు. ఇంటి మాట పోతదంటె పోయిన."

"మంచిది."

"ఆ కష్టం నేను తీర్చుతనని చెప్పు. ఒకల బాకీ ఉంచుకునే గుణం నాకు లేదు" అంది ఉప్పలమ్మ.

"అక్కెర లేదని చెప్పు. ఆమె నా చేన్ల అడుగుపెడితే మొలిసింది గూడ ఎండుతది."

"ఎండితే ఎండనియ్యి, నేను వచ్చుడు వచ్చుడే అని చెప్పు!"

గొంతులు పెరిగేసరికి హన్నా అటూ ఇటూ చూసి, తనకు తెలిసిన రెండో ముక్క వాడింది. "నీళ్లు తాగండి" అని సీసా తీసింది. ఇద్దరూ అదే సీసా ఒకరి తర్వాత ఒకరు ఎత్తిపట్టి తాగారు. కాసేపు శాంతించారు. తర్వాత హన్మకొండ దాకా హన్నా "మంచిది" అంటూనే ఉంది. ఆమె జన్మలో అంత లోతైన సంభాషణ అంత తక్కువ మాటలతో చేసి ఉండదు.

దవాఖానలో డాక్టరు పరీక్షలు చేసి, దాచకుండా చెప్పాడు. గుండెకు చిన్న మిషను అమర్చాలి, ఇవాళే అమర్చాలి. ఆగడం ఎక్కువైపోతోంది. ఈ రాత్రి ఆగితే మళ్లీ మొదలవుతుందని చెప్పలేను అన్నాడు. కొమురవ్వ శ్రద్ధగా అంతా విని, వద్దంది.

"గుండెల మిషన్ పెట్టుకుంటె మరి పానం ఎట్ల పోతదయ్యా? కాలం దీరినంక గూడ గది కొట్టుకుంటనే ఉంటదేమో. నన్ను బొందల పెట్టినంక మన్నుల టిక్కు టిక్కు అనుకుంట పండాల్నా? నాకొద్దు. నన్ను ఊరికి తోలుండ్రి."

"అట్లా ఉండదమ్మా" అన్నాడు డాక్టరు.

"నువ్వు పోయి సూసొచ్చినవా?"

డాక్టరు దగ్గర దానికి మందు లేదు. పద్మలత కాళ్లు పట్టుకుంది. పెంటయ్య చేతులు జోడించి, "వదినె, నేను వాకిట్లకు రాకుంటె నీకు గీ గతి పట్టకపోవు" అని ఏడ్చాడు. నువ్వు రాకుంటె గీ రోగం ఎవలకు తెలుస్తుండెరా పిచ్చోడా అని ఆమే అతన్ని ఓదార్చింది. కానీ లేవలేదు. శైలజ నచ్చజెప్పింది. హన్నా ఫోనులో గుండె బొమ్మ చూపించి, అది ఎలా ఆగుతుందో, మిషను ఎలా ఆడిస్తుందో వేళ్లతో చేసి చూపింది. కొమురవ్వ అంతా చూసి, "మంచిది" అంది. మంచం మీది నుంచి మాత్రం కదల్లేదు.

ఇంతసేపూ ఉప్పలమ్మ గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది. లోపలికి రాలేదు, బయటికి పోలేదు. ఒట్టు తప్పితే ఊరు నవ్వుతుంది. ఈ మొండిది మాట వినకపోతే తన నోరు పోయినట్టే, విలువ పోయినట్టే. పోతే పోనీ అవన్నీ. ఈ కొమురవ్వే పోతేనో? ఆ ఆలోచన రాగానే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు కోపం కూడా వచ్చింది.

గబగబా లోపలికి నడిచింది. మంచం పక్కనే నిలబడ్డ హన్నా, మళ్లీ తన అవసరం పడిందనుకుని, మంచిది అనడానికి సిద్ధంగా నడుమకొచ్చింది. ఉప్పలమ్మ ఆమె రెండు భుజాలూ పట్టుకుని, కుర్చీని జరిపినట్టు పక్కకు జరిపింది.

"అక్కా" అంది.

పెంటయ్య నోరు తెరుచుకుంది.

"నాకు భయమైతున్నదే అక్కా."

కొమురవ్వ నమ్మలేనట్టు చూసింది. "నీకా?"

"నాకే. నల్ల కాడ నడిమిట్ల ఆగినవు సూడు, అప్పటిసంది నాకు నిలకడ లేదు. లొల్లిల నువ్వెన్నడన్న ఆగినవానే? పొద్దుగాల లేస్తె గోడ అవుతల నీ గొంతు ఇనవడాలె నాకు. కోళ్లను తిడతవు, వానను తిడతవు, నన్ను తిడతవు. అది ఇన్నంకనే నేను పొయ్యి ముట్టిస్త. నువ్వు లేకుంటె నేనెట్ల లేవాలె? ఎవల మీద అలగాలె?"

"గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా నేను?"

"ఎన్నడు మర్సిన? పగ పట్టినదానికి మరుపు ఉంటదా?" అంటూ ఉప్పలమ్మ భోరున ఏడ్చేసింది.

కొమురవ్వ నర్సు వైపు తిరిగి, "ఏమేం తియ్యాలంటివి బిడ్డా, ఒంటి మీదియి?" అని అడిగింది. అన్నీ తీయాలంది నర్సు. కొమురవ్వ చెవుల కమ్మలు తీసింది. మెడలోని గుండ్ల పేరు తీసింది. పద్మలత చెయ్యి చాపింది. కొమురవ్వ ఆ చెయ్యి దాటించి, అవన్నీ ఉప్పలమ్మ కొంగులో పోసింది.

"పట్టుకో. పద్మ ఏడ్సుకుంట యాడనో పడేస్తది."

నర్సు చెయ్యి కూడా పట్టుకోకుండా, తనే నడుచుకుంటూ లోపలికి వెళ్లింది.

ఉప్పలమ్మ కొంగు ముడేసి, ముడి పిడికిట్లో పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. శైలజ చాయ్ తెచ్చిస్తే ఒంటిచేత్తోనే తాగింది. పెంటయ్య పక్కన కూర్చోబోతే, నీ సంగతి ఊళ్లో చూస్తానంది. పెంటయ్యకు ప్రాణం లేచొచ్చింది. తన పెళ్లాం మళ్లీ తన పెళ్లాంలా మాట్లాడుతోంది.

చివరికి తలుపు తెరుచుకుంది. నర్సు తొంగి చూసి, "కొమురవ్వ మనుషులు ఎవరు?" అంది.

పద్మలత లేచేలోపే ఉప్పలమ్మ లేచి నిలబడింది. "నేను. నేను ఆమె యారాలిని."

"మంచిగున్నది. మిషను పెట్టిన్రు. పెట్టినంతసేపు మాట్లాడుతనే ఉన్నది, డాక్టరుసాబు చేతులెత్తి మొక్కిండు. మిమ్మల్నే పిలువుమంటున్నది. పోండ్రి గానీ, జర ఎక్కువ మాట్లాడియ్యకుండ్రి."

ఉప్పలమ్మ నర్సును కిందికీ మీదికీ చూసింది.

"ఎక్కువ మాట్లాడియ్యొద్దా? గిన్నేండ్ల మాటలు కడుపుల పెట్టుకొని కూసున్న, ఇప్పుడు తక్కువ ఎట్ల మాట్లాడాల్నే బిడ్డా?" అంటూ కళ్లు తుడుచుకుని, ఆమెను తోసుకుని లోపలికి పోయింది.